వెబ్ ఏపీఐని ఓడీబీసీలో టేబుళ్లుగా చూపించాలి: ఒక్కో ఎండ్‌పాయింట్‌కి ఒక్కో టేబుల్ పెడితే సరిపోతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీ కంపెనీ వాడే ఆర్డర్ల సాఫ్ట్‌వేర్ క్లౌడ్‌లో ఉంది. దాని డేటాబేస్ మీ చేతికి ఇవ్వరు, వెబ్ అడ్రసుల ద్వారా డేటా అడిగి తెచ్చుకునే రెస్ట్ ఏపీఐ మాత్రమే ఇచ్చారు. ఎండ్‌పాయింట్లు, అంటే అలా అడిగే అడ్రసులు, నలభై దాకా ఉన్నాయి. రిపోర్టుల వాళ్లేమో ఎక్సెల్ నుంచి, పవర్ బీఐ నుంచి ఓడీబీసీతో (ఏ డేటాబేస్‌తోనైనా ఒకే పద్ధతిలో మాట్లాడే ఏర్పాటు) కనెక్ట్ అయ్యి మామూలుగా ఎస్‌క్యూఎల్ రాసుకుంటామంటున్నారు. ఆ ఎస్‌క్యూఎల్‌ని ఏపీఐ కాల్స్‌గా మార్చే డ్రైవర్ ఒకటి మీరు రాయడం మొదలుపెట్టారు. ప్రతి ఎండ్‌పాయింట్‌కీ అదే పేరుతో ఒక టేబుల్, ఏపీఐ జవాబు వచ్చే రూపమైన జేసన్‌లో ఉన్న ప్రతి ఫీల్డుకీ ఒక కాలమ్ పెడుతున్నారు. ఇది సరైన దారేనా, జేసన్ లోపల ఉన్న లిస్టుల్ని ఏం చేయాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను, సరిపోదు. ఎండ్‌పాయింట్‌ని చూసి టేబుల్ పెట్టకండి, వరుసని చూసి పెట్టండి. ఈ టేబుల్లో ఒక వరుస అంటే ఏమిటి? ఒక ఆర్డరా, ఆర్డర్లో ఒక సరుకా, ఆ సరుకు మీద ఇచ్చిన ఒక డిస్కౌంటా? ఇది ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే అది ఇంకా టేబుల్ కాలేదన్నమాట. లోపలి లిస్టులు దాదాపు ఎప్పుడూ వేరే టేబుళ్లే అవుతాయి. దీనికంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. ఎస్‌క్యూఎల్‌లో షరతులు రాసే వేర్ క్లాజులో ఏ షరతు ఏపీఐ దాకా వెళ్తుంది, ఏది మీ డ్రైవర్ దగ్గర ఆగిపోయి అక్కడే వడపోత జరగాలి అన్నది కాలమ్ కాలమ్‌కీ రాసిపెట్టుకోవాలి. ఇలాంటి డ్రైవర్లు తప్పు లెక్క చూపించేది ఎక్కువగా అక్కడే.

(రో అనకుండా వరుస అంటున్నానేమిటనుకోకండి. రోకి బహువచనం రాస్తే రోలు అవుతుంది, నాకు పచ్చడి గుర్తొస్తుంది.)

నేను ఈ పని మొదట్లో జావాలో జేడీబీసీ (ఓడీబీసీ లాంటిదే, జావాకి) కోసం చేశాను, తర్వాత బయటి డేటాని పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో టేబుల్‌గా చూపించే ఫారిన్ డేటా వ్రాపర్లతో చేశాను. మీ ఆర్డర్ల ఏపీఐ నేను చూడలేదు కాబట్టి, ఎవరైనా బ్రౌజర్లో తెరిచి చూసుకోగల గిట్‌హబ్ (ప్రోగ్రామర్లు కోడ్ పెట్టుకునే సైట్) ఏపీఐ మీద చెప్తాను. అందులో ఇష్యూస్ (ఒక ప్రాజెక్టు మీద వచ్చిన ఫిర్యాదులు, సూచనలు) అనే ఒక్క ఎండ్‌పాయింట్ చాలు. ఈ పనిలో ఉన్న గోతులు చాలావరకు అందులోనే ఉన్నాయి.

ఒక టేబుల్, రెండు దారులు

ఆ ఎండ్‌పాయింట్ పాత్ ఇలా ఉంటుంది: రెపోస్, ఆ తర్వాత ఓనర్ పేరు, రెపో (అంటే ప్రాజెక్టు) పేరు, చివర ఇష్యూస్. కాల్ చేస్తే ఇష్యూల లిస్టు వస్తుంది. అదే పాత్ చివర ఒక నంబర్ తగిలిస్తే ఆ ఒక్క ఇష్యూ వస్తుంది. మీ పద్ధతిలో ఇవి రెండు టేబుళ్లు. కానీ రెండింట్లోనూ వరుస అంటే ఒక ఇష్యూనే. కాబట్టి టేబుల్ ఒకటే, దాని దగ్గరికి వెళ్లే దారులు రెండు. వేర్‌లో నంబర్ ఇస్తే డ్రైవర్ రెండో దారి పడుతుంది, లేకపోతే మొదటిది. డేటాబేస్ లోపల ఇండెక్స్ స్కాన్, ఫుల్ స్కాన్ ఉన్నట్టే అనుకోండి. మీ నలభై ఎండ్‌పాయింట్లలో ఇలాంటి జంటలు బోలెడు ఉంటాయి. వాటిని కలిపేస్తేనే లెక్క బాగా తగ్గుతుంది.

ఇక కీ, అంటే ఒక్కో వరుసనీ విడిగా గుర్తుపట్టించేది. ఇష్యూ నంబర్ ఆ రెపోలో మాత్రమే ప్రత్యేకం, వేరే రెపోలో అదే నంబరుతో ఇంకోటి ఉంటుంది. కాబట్టి ప్రైమరీ కీ ఓనర్, రెపో, నంబర్ మూడూ కలిపి. ఇక్కడ చిన్న తిరకాసు ఉంది. ఓనర్, రెపో అనేవి మనం పాత్‌లో రాసిన మాటలు, జేసన్‌లో ఆ పేర్లతో విడి ఫీల్డులుగా రావు. వాటిని డ్రైవరే ప్రతి వరుసలోనూ నింపాలి. మర్చిపోతే ఏమవుతుందో తెలుసా? ఏపీఐ వంద ఇష్యూలు చక్కగా ఇస్తుంది. తర్వాత ఎస్‌క్యూఎల్ ఇంజన్ తన వంతుగా ఓనర్ ఫలానా అన్న షరతుని మళ్లీ సరిచూస్తుంది. ఆ కాలమ్ నల్, అంటే ఖాళీ, కాబట్టి వందకి వందా పారేస్తుంది. లాగ్‌లో 200, అంటే అంతా సవ్యమే అన్న కోడ్, కనిపిస్తుంది, టేబుల్ మాత్రం ఖాళీ. మొదటిసారి మల్టీకార్న్‌తో (ఫారిన్ డేటా వ్రాపర్లని పైథాన్‌లో రాయనిచ్చేది) ఫారిన్ టేబుల్ రాసినప్పుడు దీని మీద నాకు ఒక సాయంత్రం మొత్తం పోయింది.

అన్ని ఎండ్‌పాయింట్లూ టేబుళ్లు కావు. ఆర్డర్ క్యాన్సిల్ చేయడం, ఇన్వాయిస్ మళ్లీ పంపడం లాంటివి పనులు. కావాలంటే స్టోర్డ్ ప్రొసీజర్లుగా చూపించండి, లేదా వదిలేయండి. సెర్చ్ ఎండ్‌పాయింట్లని కూడా టేబుల్ చేయొద్దు. గిట్‌హబ్ సెర్చ్ ఎంత వెతికినా 1000 ఫలితాల దగ్గర ఆగిపోతుంది. దాని మీద ఎవరైనా కౌంట్ రాస్తే వచ్చే అంకె చూడ్డానికి గుండ్రంగా ఉంటుంది తప్ప ఎందుకూ పనికిరాదు.

ఏమీ అడగకపోతే ఏపీఐ తనంతట తానే పెట్టే ఫిల్టర్

ఇష్యూస్ ఎండ్‌పాయింట్‌కి స్టేట్ అనే పారామీటర్ ఉంది. మనం ఏమీ పంపకపోతే అది ఓపెన్ అనుకుని, తెరిచి ఉన్నవే ఇస్తుంది. వెబ్‌సైట్ కోసం అది సబబే, పేజీ తెరిచినవాడికి కావలసింది అవే. కానీ ఎస్‌క్యూఎల్‌లో వేర్ లేకపోతే అన్నీ అని అర్థం. మీ రిపోర్టు మనిషి సెలెక్ట్ కౌంట్ అని రాస్తే మూసేసిన ఇష్యూలు లెక్కలోకే రావు, ఎర్రర్ కూడా రాదు. కాబట్టి స్టేట్ మీద షరతు లేనప్పుడల్లా డ్రైవర్ ఆల్ అని పంపాలి. మీ ఆర్డర్ల ఏపీఐ డాక్యుమెంటేషన్ దగ్గర పెట్టుకుని, ప్రతి లిస్టు ఎండ్‌పాయింట్‌కీ డిఫాల్ట్ అని రాసి ఉన్న ప్రతి చోటా గుర్తు పెట్టుకోండి. క్యాన్సిల్ అయినవి దాచేయడం, గత 30 రోజులవే ఇవ్వడం, ఆర్కైవ్ అయినవి వదిలేయడం నేను తరచుగా చూసినవి.

ఇదే ఎండ్‌పాయింట్‌లో ఇంకో మెలిక. గిట్‌హబ్ లెక్కలో ప్రతి పుల్ రిక్వెస్టూ (కోడ్‌లో ఈ మార్పు కలపండి అన్న అభ్యర్థన) ఒక ఇష్యూనే. లిస్టులో రెండూ కలిసే వస్తాయి. పుల్ రిక్వెస్ట్ అనే ఫీల్డు ఉన్నదీ లేనిదీ చూసి మనమే విడదీయాలి. వరుస అంటే ఏమిటో ముందు తేల్చుకోమన్నది ఇందుకే. నేనైతే రెండింటినీ ఉంచి, పుల్ రిక్వెస్ట్ అవునా కాదా అని ఒక బూలియన్ కాలమ్ ఇస్తాను. వాడేవాళ్లకి కనిపించకుండా వరుసలు తీసేయడం నాకు ఇష్టం ఉండదు.

షరతుల్ని కిందికి పంపడం

డ్రైవర్‌కి వచ్చే ప్రతి షరతుకీ మూడు గతుల్లో ఒకటి పడుతుంది. ఏపీఐ దాన్ని అచ్చంగా అమలు చేస్తుంది, లేదా కాస్త వదులుగా అమలు చేస్తుంది, లేదా దానికి అసలు తెలియదు. మొదటిదీ మూడోదీ తేలిక. పని అంతా రెండో రకంలోనే.

సిన్స్ పారామీటర్ చూడండి. పేరు చూసి చాలామంది ఇష్యూ ఎప్పుడు తెరిచారన్న దాని మీద పనిచేస్తుందనుకుంటారు. కాదు, చివరిసారి ఎప్పుడు మార్పు జరిగిందన్న దాని మీద పనిచేస్తుంది. ఎవరో 2024 జనవరి 1 తర్వాత తెరిచిన ఇష్యూలు కావాలని అడిగారు. ఈ షరతుకి సిన్స్ వాడవచ్చా? వాడవచ్చు. తెరిచిన తేదీ కంటే మార్పు తేదీ ఎప్పుడూ వెనక్కి ఉండదు. కాబట్టి ఆ రోజు తర్వాత తెరిచినవన్నీ ఆ రోజు తర్వాత మారినవాటిలో కచ్చితంగా ఉంటాయి. పాతవి కొన్ని అదనంగా వస్తాయి, వాటిని డ్రైవర్ తన దగ్గర పారేస్తుంది. అదే ఎవరైనా ఆ తేదీకి ముందు తెరిచినవి కావాలంటే సిన్స్ ఎందుకూ పనికిరాదు.

ఏపీఐ ఎక్కువ ఇస్తే ఫరవాలేదు, తక్కువ ఇస్తేనే కొంప మునుగుతుంది. ఒక షరతుని కిందికి పంపాలా వద్దా అని సందేహం వచ్చినప్పుడల్లా నేను చూసుకునేది ఇదొక్కటే. ఎక్కువ వస్తే వడపోసుకోవచ్చు. రాని వరుసని ఏ డ్రైవరూ తయారుచేయలేదు.

మీరు ఏ పునాది మీద కట్టినా ఈ మళ్లీ సరిచూడటం అన్నది అందులో ఎక్కడ ఉందో పట్టుకోండి. జావాలో ఎస్‌క్యూఎల్ ఇంజన్ కట్టుకోవడానికి వాడే అపాచీ కాల్సైట్‌లో ఫిల్టరబుల్ టేబుల్ రాస్తే షరతుల లిస్టు మీ చేతికొస్తుంది. దాంట్లోంచి మీరు తీసేసిన షరతుని కాల్సైట్ ఇక చూడదు, వదిలేసినదాన్ని తనే చూసుకుంటుంది. ఎస్‌క్యూఎల్‌లైట్ అనే చిన్న డేటాబేస్ వర్చువల్ టేబుళ్లలో ఓమిట్ అని ఒక చిన్న జెండా ఉంటుంది. అది పెట్టకపోతే ఎస్‌క్యూఎల్‌లైటే మళ్లీ సరిచూస్తుంది. అచ్చంగా అమలవుతుందని నమ్మకం లేని షరతుని ఎప్పుడూ లిస్టులో వదిలేయండి, జెండా ఎత్తకండి. రెండోసారి చూడటానికి అయ్యే ఖర్చు నెట్‌వర్క్ కాల్ ముందు లెక్కలోకే రాదు.

ఇన్ని వరుసలు చాలు అని చెప్పే లిమిట్ సంగతి వేరు. వేర్‌లో ఉన్న షరతులన్నీ ఏపీఐ అచ్చంగా అమలు చేస్తేనే లిమిట్‌ని కిందికి పంపాలి. పది కావాలన్నారని ఏపీఐని పదే అడిగి, వాటిలో ఏడుని మీరు వడపోసేస్తే మూడే మిగులుతాయి. అసలు డేటాలో వేలు ఉన్నా సరే, వాళ్లకి మూడే కనిపిస్తాయి. ఫలానా క్రమంలో ఇవ్వమనే ఆర్డర్ బై ఉంటే ఇంకా జాగ్రత్త. ఏపీఐ వేరే వరుసక్రమంలో ఇచ్చిన మొదటి పది, వాళ్లు అడిగిన మొదటి పది ఒకటి కావు.

వేర్‌లో తప్పనిసరిగా ఉండాల్సిన కాలమ్స్

ఓనర్, రెపో ఇవ్వకుండా ఇష్యూస్ మీద సెలెక్ట్ స్టార్ కొడితే? గిట్‌హబ్‌లో ఉన్న ఇష్యూలన్నీ తేవడం అయ్యే పని కాదు. ఓడీబీసీ 1992లో వచ్చింది, జేడీబీసీ 1997లో. అప్పటి లెక్కలో టేబుల్ అంటే మొదటి నుంచి చివరిదాకా చదవగలిగేది. ఈ కాలమ్ మీద షరతు లేకుండా నన్ను అడగొద్దు అని చెప్పడానికి వాటి మెటాడేటాలో (టేబుళ్ల గురించి ఇచ్చే వివరాల్లో) చోటే లేదు.

కంప్యూటర్ వివరాల్ని, క్లౌడ్ ఏపీఐలని టేబుళ్లుగా చూపించే ఓఎస్‌క్వెరీ, స్టీమ్‌పైప్ లాంటివి ఈ సమస్యని ముఖం మీదే తేల్చేశాయి. కొన్ని టేబుళ్లకి ఫలానా కాలమ్ వేర్‌లో ఉండి తీరాలి అనేస్తాయి. మీరూ అదే చేయండి. ఆ కాలమ్ వేర్‌లో లేకపోతే ఖాళీ టేబుల్ ఇవ్వొద్దు, ఎర్రర్ ఇవ్వండి, ఏ కాలమ్ కావాలో ఆ ఎర్రర్‌లోనే రాయండి. కాలమ్స్ వివరాలు ఇచ్చేటప్పుడు రిమార్క్స్ అనే చోట కూడా ఆ మాట పెట్టండి. కొన్ని టూల్స్ దాన్ని చూపిస్తాయి, కొన్ని చూపించవు, పోయేదేం లేదు.

దీనితో పాటు జాయిన్ కూడా ఆలోచించండి. రెపోస్ టేబుల్‌ని ఇష్యూస్‌తో కలిపితే ఓనర్, రెపో విలువలు అవతలి టేబుల్ నుంచి రావాలి. అంటే ముందు రెపోలు చదివి, ఒక్కో రెపోకి ఒక్కో కాల్ వేయాలి. పోస్ట్‌గ్రెస్ ఫారిన్ టేబుళ్లలో పారామీటరైజ్డ్ పాత్ అని దీనికి ఏర్పాటు ఉంది. సొంతంగా ఇంజన్ రాసుకుంటే ఇది మీరే చేసుకోవాలి, అనుకున్నంత తేలిక కాదు.

లోపల ఉన్న లిస్టులు

జేసన్ లోపల ఒకే ఒక్క వస్తువు ఉంటే, ఉదాహరణకి ఇష్యూలో యూజర్, దాన్ని విప్పేసి యూజర్ లాగిన్, యూజర్ ఐడీ అని కాలమ్స్ చేయండి. లిస్టు ఉంటే, ఉదాహరణకి లేబుల్స్, ఇష్యూ లేబుల్స్ అని వేరే టేబుల్. అందులో వరుస అంటే ఒక ఇష్యూ మీద ఒక లేబుల్. తల్లి టేబుల్ కీ మొత్తం పిల్ల టేబుల్లో ఉండాలి. ఆకారం ఎప్పుడు ఎలా ఉంటుందో తెలియని వాటిని, కస్టమర్లు తమ ఇష్టమొచ్చిన పేర్లతో పెట్టుకునే కస్టమ్ ఫీల్డుల లాంటివాటిని, జేసన్ టెక్స్ట్‌గానే ఒక కాలమ్‌లో వదిలేయండి. ఎక్సెల్ సెల్‌లో 32,767 అక్షరాలే పడతాయని మాత్రం గుర్తుంచుకోండి.

లిస్టుని విప్పి తల్లి టేబుల్లోనే పరిస్తే ఏమవుతుందో నేను అనుభవించాను. విజయవాడలో ఒక హోల్‌సేల్ వ్యాపారానికి ఇలాంటి డ్రైవరే ఇచ్చాను. ఆర్డర్లు, వాటి సరుకులు ఒకే టేబుల్లో ఉంటే రిపోర్టుల వాళ్లకి జాయిన్ తంటా ఉండదు కదా అని కలిపేశాను. డెమోలో అందరికీ నచ్చింది కూడా. రెండు నెలల తర్వాత అక్కడి అకౌంట్స్ పెద్దాయన ఫోన్ చేసి రమ్మన్నారు. బల్ల మీద లారీ రసీదుల కట్ట, పక్కన నా షీటు ప్రింటు. ఒక ఇన్వాయిస్ తీసి వేలు పెట్టి చూపించారు. “రవాణా నాలుగొందల యాభై రాసుంది కదండీ, మీ దాంట్లో పదమూడొందల యాభై ఉందేంటి?” ఆ ఆర్డర్లో సరుకులు మూడు. రవాణా ఖర్చు ఆర్డర్‌ది, కానీ నా టేబుల్లో వరుస సరుకుది. మూడు వరుసల్లోనూ 450 ఉంది, పివట్ టేబుల్ తన పని తాను చేసి కూడేసింది. రెండు నెలల రవాణా లెక్క మొత్తం అలాగే ఉబ్బిపోయింది. టేబుళ్లు విడదీయడానికి ఒక రోజు పట్టింది. వాళ్ల నమ్మకం తిరిగి రావడానికి చాలా ఎక్కువ పట్టింది.

వాళ్లకి జాయిన్ కష్టమైతే కలిపిన వ్యూ ఒకటి వేరేగా ఇవ్వండి, రవాణా లాంటి కాలమ్స్ దాంట్లో పెట్టకుండా.

ఒక కాలమ్ కోసం వరుసకో కాల్

చాలా ఏపీఐల్లో లిస్టు ఎండ్‌పాయింట్ క్లుప్తంగా ఇస్తుంది. పూర్తి వివరాలు ఒక్కో ఐడీకి కాల్ చేస్తేనే వస్తాయి. రెండూ ఒకే టేబుల్ అని పైన నేనే చెప్పాను, ఇక్కడ దానికి మినహాయింపు. మీ ఏపీఐ నిమిషానికి 60 కాల్స్ ఒప్పుకుంటుందనుకుందాం. పదివేల ఆర్డర్లకి వరుసకో కాల్ అంటే 166 నిమిషాలు దాటుతుంది. వాళ్లకి కావలసింది ఆర్డర్ నంబర్, మొత్తం సొమ్ము మాత్రమే అయినా సరే.

ఇంజన్ ఏ కాలమ్స్ అడుగుతోందో డ్రైవర్‌కి తెలిస్తే, వివరాల కాలమ్ అడిగినప్పుడే ఆ కాల్ వేయవచ్చు. కాల్సైట్‌లో ప్రొజెక్టబుల్ ఫిల్టరబుల్ టేబుల్ దీని కోసమే. కానీ రిపోర్టు టూల్స్‌లో టేబుల్ పేరు మీద టిక్ పెడితే అవి మామూలుగా అన్ని కాలమ్సూ అడుగుతాయి. అందుకని నేను అలాంటి వివరాల్ని ఆర్డర్ డీటెయిల్స్ అని వేరే టేబుల్లో పెట్టి, ఆర్డర్ ఐడీ వేర్‌లో ఉండాల్సిందే అంటాను. అందంగా ఉండదు, కానీ సోమవారం పొద్దున్నే మన ఫోన్ మోగదు.

పవర్ బీఐ ప్రివ్యూ కోసం ఒకసారి, లోడ్ కోసం ఇంకోసారి అడుగుతుంది. ఐదు నిమిషాలైనా నిలబడే క్యాష్ ఒకటి మధ్యలో పెట్టండి.

టైపులు

మొదటి వంద రికార్డులు చూసి టైపులు ఊహించే కోడ్ ఉంటే తీసేయండి. జీఎస్టీ కోసం సరుకుల్ని వర్గీకరించే హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ తీసుకోండి. వందలో వందా 8 తోనో 9 తోనో మొదలయ్యాయని పూర్ణాంకం అనుకుంటారు. ఒకరోజు టీ పొడి వస్తుంది, దాని కోడ్ 0902. ముందున్న సున్నా పోయి 902 అవుతుంది. లెక్కలు చేయని అంకెలన్నీ, ఫోన్ నంబర్లు, పిన్‌కోడ్లు, ఖాతా నంబర్లు, టెక్స్టే. ఐడీలు అంకెలే అయితే బిగ్ఇంట్ పెట్టండి. 32 బిట్ల పూర్ణాంకం 2147483647 దగ్గర ఆగిపోతుంది. సొమ్ముకి డెసిమల్ పెట్టండి, ఫ్లోట్ వద్దు. పేమెంట్ ఏపీఐలు పైసల్లో ఇవ్వడం మామూలు. వందతో భాగించి ఇస్తున్నారో లేదో కాలమ్ పేరులోనే తెలిసేలా చేయండి.

తేదీల దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. ఏపీఐలు సాధారణంగా యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో, ఇస్తాయి. మన టైమ్ దానికంటే ఐదున్నర గంటలు ముందు. ఏప్రిల్ 1 తెల్లవారుజామున రెండింటికి వచ్చిన ఆర్డర్ యూటీసీలో మార్చి 31 రాత్రి 8:30 అవుతుంది. తేదీ ముక్క మాత్రమే కత్తిరించి చూపిస్తే ఆ అమ్మకం పోయిన ఆర్థిక సంవత్సరంలో పడుతుంది. రాత్రి పన్నెండు నుంచి పొద్దున ఐదున్నర దాకా వచ్చిన ప్రతి ఆర్డరూ ఇలా ముందు రోజుకి జారిపోతుంది. మామూలు రోజుల్లో ఎవరూ పట్టించుకోరు, మార్చి ముగిశాక ఆడిటర్ పట్టుకుంటాడు. నేను యూటీసీ కాలమ్ ఒకటి, భారత కాలమానంలో ఇంకొకటి రెండూ ఇస్తాను. రెండో దాని మీద వచ్చిన షరతుని వెనక్కి యూటీసీకి మార్చి ఏపీఐకి పంపడం మర్చిపోకండి.

పేజీలు, పరిమితులు, ఎర్రర్లు

గిట్‌హబ్ పేజీకి మామూలుగా 30 ఇస్తుంది, అడిగితే 100 దాకా. తర్వాతి పేజీ అడ్రసు లింక్ హెడర్‌లో ఉంటుంది. మీరు పేజీ నంబర్లు కట్టుకోకుండా ఆ లింకునే పట్టుకుని వెళ్లండి. టోకెన్ (మనమెవరో ఏపీఐకి చెప్పే తాళం) లేకుండా గంటకి 60 కాల్స్, మామూలు టోకెన్‌తో 5000. కుబెర్నెటిస్ అనే పెద్ద ప్రాజెక్టు రెపోలో ఇష్యూలు, పుల్ రిక్వెస్టులు కలిపి లక్ష దాటాయి. ఒకసారి మొత్తం చదవాలంటే వెయ్యికి పైగా కాల్స్. ఇద్దరు ముగ్గురు రెండేసి సార్లు రిఫ్రెష్ నొక్కితే ఆ గంట కోటా అయిపోతుంది.

కొత్తవి ముందుగా ఇచ్చే లిస్టుల్ని పేజీల వారీగా చదువుతుంటే మధ్యలో ఒక కొత్త ఆర్డర్ వచ్చిందనుకోండి, అన్నీ ఒక మెట్టు కిందికి జరుగుతాయి. మొదటి పేజీ చివరిది రెండో పేజీ మొదట్లో మళ్లీ కనిపిస్తుంది. ఏదైనా డిలీట్ అయితే ఒకటి కనిపించకుండానే దాటిపోతుంది. రెండోది ఎక్కువ ప్రమాదం. ఏపీఐ కర్సర్, అంటే ఎక్కడిదాకా చదివామో చెప్పే గుర్తు, ఇస్తే అదే వాడండి. లేకపోతే పాతవి ముందు వచ్చేలా అడిగి, కీ చూసి రెండోసారి వచ్చినవి తీసేయండి.

కాల్స్ ఎక్కువయ్యాయని చెప్పే 429 వస్తే, ఎంతసేపు ఆగాలో చెప్పే రిట్రై ఆఫ్టర్ హెడర్ చూసి ఆగండి. అది కుదరకపోతే క్వెరీ మొత్తాన్ని ఫెయిల్ చేయండి. ఏడో పేజీ దగ్గర ఎర్రర్ వస్తే ఆరు పేజీల డేటా ఇచ్చి అయిపోయిందనకండి. సగం డేటాతో వచ్చిన రిపోర్టు అసలు రాని రిపోర్టు కంటే చెడ్డది, ఎందుకంటే దాన్ని నమ్ముతారు.

404, అంటే అడిగింది దొరకలేదన్న జవాబు, ఖాళీయా, ఎర్రరా? ఒక ఆర్డర్ ఐడీ అడిగితే 404 వచ్చిందంటే సున్నా వరుసలు అనుకోవడం సహజమే. కానీ గిట్‌హబ్ ప్రైవేట్ రెపోకి అనుమతి లేనివాడికి కూడా 404 అనే చెప్తుంది, ఉందన్న సంగతి కూడా బయటపెట్టకుండా. అక్కడ ఖాళీ ఇస్తే టోకెన్ సమస్య ఎప్పటికీ దొరకదు. అందుకని లిస్టు పాత్ మీద 404 వస్తే ఎర్రర్, ఒక్క ఐడీ మీద వస్తే సున్నా వరుసలు. నేను పాటించేది ఇది.

ఇంకో రెండు ముక్కలు. టేబుళ్ల లిస్టు, కాలమ్స్, కీలు అడిగే మెటాడేటా కాల్స్‌కి మీ దగ్గరున్న ఫైల్లోంచే జవాబివ్వండి, ఏపీఐని తాకకండి. నెట్ నెమ్మదిగా ఉంటే టూల్ టేబుళ్ల లిస్టు కూడా చూపించదు, ఆదిలోనే హంసపాదు. రాయడం, అంటే ఇన్సర్ట్ అప్‌డేట్లు, మొదటి వెర్షన్‌లో వద్దు. ఏపీఐల వెనక రోల్‌బ్యాక్ ఉండదు. ఐదు వరుసల అప్‌డేట్‌లో మూడోది విఫలమైతే మొదటి రెండూ అలాగే ఉండిపోతాయి. ట్రాన్సాక్షన్లు లేవని మెటాడేటాలో నిజం చెప్పండి.

అసలు డ్రైవర్ కావాలా?

ఇది మీరు అడగలేదు, మీకు నచ్చకపోవచ్చు కూడా. రిపోర్టుల వాళ్లకి నిన్న రాత్రి వరకు ఉన్న డేటా చాలంటే డ్రైవర్ రాయకండి. రోజూ రాత్రి ఏపీఐ నుంచి పోస్ట్‌గ్రెస్‌లోకి లోడ్ చేసి, పోస్ట్‌గ్రెస్‌కి ఉన్న ఓడీబీసీ డ్రైవర్నే వాళ్లకి ఇవ్వండి. వరుస, కీ, టైపులు, పేజీల గురించి పైన రాసినవన్నీ అప్పుడూ పనికొస్తాయి. పోయేది షరతులు కిందికి పంపే తలనొప్పి. మారినవి మాత్రమే తెచ్చుకుంటుంటే డిలీట్ అయినవి మీకు కనిపించవు. కాబట్టి వారానికోసారి ఐడీలు మొత్తం తెచ్చి పోల్చుకోవాలి. ఇప్పటికిప్పుడు స్టాక్ ఎంతుంది లాంటి ఒకటి రెండు టేబుళ్లకి మాత్రం ఫారిన్ టేబుల్ పెట్టి అదే డేటాబేస్‌లోంచి లైవ్‌గా చూపించవచ్చు. నా దగ్గర ఇప్పుడు నడుస్తున్నవాటిలో ఎక్కువ భాగం ఇలాంటివే.

ఏది ఎంచుకున్నా ముందు ఒకటి చూసి చెప్పండి: మీ ఆర్డర్ జేసన్‌లో ఒక్కో సరుకుకి సొంత ఐడీ ఉందా? ఉంటే సరుకుల టేబుల్ కీ అదే. లేకపోతే ఆర్డర్ ఐడీ, లిస్టులో దాని స్థానం కలిపి కీ చేసుకోవాలి. అప్పుడు ఎవరైనా మధ్యలో ఒక సరుకు తీసేస్తే కిందివన్నీ పైకి జరిగి ఒకదాని కీ ఇంకోదానికి వస్తుంది. అలాంటి చోట సరుకుల్ని విడివిడిగా అప్‌డేట్ చేయకుండా, ఆ ఆర్డర్ సరుకులన్నీ తీసేసి మళ్లీ వేయాల్సి ఉంటుంది.